ఫోను వెనక నవ్వు

ఆమె నవ్వు మొదట్లో వినపడదు. ముందు భుజాలు కదులుతాయి, తర్వాత కళ్లు మూసుకుపోతాయి. మూత బిగించిన కుక్కరులా కాసేపు లోపల్లోపలే ఉడికి, ఉన్నట్టుండి ముక్కులోంచీ నోట్లోంచీ ఒకేసారి బయటికి తన్నుకొస్తుంది. వచ్చిందంటే ఇక అది ఆమె చేతిలో ఉండదు. మధ్యలో ఊపిరందక "అయ్యో, అయ్యో" అంటుంది. అసలు విషయానికి నవ్వనివాళ్లు కూడా ఆ అయ్యోలకి నవ్వుతారు.

చిన్నప్పుడు ఆ నవ్వు మూలంగా బళ్లో ఎన్నోసార్లు తరగతి బయట నిలబడింది. పెళ్లయ్యాక భర్తకి అది బొత్తిగా గిట్టలేదు. ఆయన చెడ్డవాడేమీ కాదు, చప్పుడు పడని మనిషి. గిన్నె కిందపడినా, తలుపు గట్టిగా వేసినా మొహం చిట్లించేవాడు. "నలుగురిలో ఆ నవ్వేమిటి" అని ఒకటి రెండుసార్లే అన్నాడు గానీ, అప్పట్నించీ ఆమెకి నవ్వొచ్చినప్పుడల్లా ముందు ఆయన మొహం చూడ్డం అలవాటైపోయింది. కొన్నేళ్లు కాపురం చేశాక, ఒకరినొకరు పల్లెత్తు మాట అనుకోకుండానే విడిపోయారు. ఆమె తన సామాను రెండు పెట్టెల్లో సర్దుకుని తమ్ముడి ఇంటికి వచ్చేసింది.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మరదలు చిన్నపిల్లల బళ్లో టీచరు. వాళ్లకో పాప. మేడమీద మూడు గదుల వాటాలో వీధివైపు గది ఆమెకిచ్చారు. తమ్ముడికి అక్క, మరదలికి వదిన, పాపకి అత్త. ఈ మూడు పిలుపులతోనే రోజు గడిచిపోయేది. అసలు పేరుతో ఆ ఇంట్లో ఎవరికీ అవసరం పడలేదు.

ఆమెకి కట్టుడుపళ్లు తయారుచేసే ల్యాబులో పని. పళ్ల డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి పంపిస్తారు. వాటిలో ప్లాస్టరు పోసి, గట్టిపడ్డాక విడదీసి, ఆ మూస మీద మైనంతో చిగుళ్లు కట్టి, స్పిరిట్ దీపం మీద వేడిచేసిన చిన్న కత్తితో ఒక్కొక్క పన్నూ నిలబెట్టాలి. చెయ్యి అదరకూడదు, ధ్యాస చెదరకూడదు. ముందుపన్ను ఏమాత్రం వాలినా పెట్టుకున్న మనిషి మాట్లాడుతుంటే ఈల వినిపిస్తుంది. రోజంతా ఎవరెవరి నోళ్లతోనో గడిచేది గానీ, అందులో ఒక్క నోరూ ఆమెతో మాట్లాడదు. పక్క బల్ల దగ్గర పాలిషింగ్ చేసే పెద్దాయన ఉండేవాడు. మోటారు హోరులో ఏళ్ల తరబడి కూర్చుని ఆయనకి చెవులు మందగించాయి. ఏదైనా చెప్పాలంటే లేచి వెళ్లి భుజం తట్టాలి. అంత ముఖ్యమైన మాటలు రోజూ ఏముంటాయి?

ఒక ఆదివారం పొద్దున తమ్ముడు ఫ్రిజ్ తలుపు తీసి పట్టుకుని, వెన్న డబ్బా ఎక్కడ పెట్టావని భార్యని అడిగాడు. డబ్బా అతని ఎడమచేతిలోనే ఉంది. మరదలు బదులు చెప్పకుండా వంటగది గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. అతను అరలన్నీ వెతికాడు, కూరగాయల సొరుగు లాగాడు, ఆఖరికి చేతిలోది అడ్డమొస్తోందని ఫ్రిజ్ మీద పెట్టి మళ్లీ మొదట్నించీ వెతికాడు. అప్పుడిక మరదలు తట్టుకోలేకపోయింది. "అచ్చం ఇలాగే ఇంకోసారి చెయ్యి" అని మొగుడికి చెప్పి, తన ఫోను తెచ్చి వదిన చేతిలో పెట్టింది.

తమ్ముడిది రాయిలాంటి మొహం. పక్కన పిడుగు పడినా కనురెప్ప ఆడించడు. మరదలికి మాట తడుముకోవడమనేది తెలీదు. రోజంతా పిల్లలతోనూ వాళ్ల తల్లులతోనూ వేగీ వేగీ, ఎవరి గొంతు కావాలంటే ఆ గొంతు పలికిస్తుంది. ఒకరి ఎదుట ఒకరు నిలబడితే చాలు, అదే ఒక ఆట. అతను కూరగాయల సొరుగు దగ్గరికి వచ్చేసరికి ఫోను పట్టుకున్న ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఇంకోసారి తీశారు. ఈసారి సొరుగు దాకా కూడా వెళ్లలేదు. నోట్లో తువ్వాలు కుక్కుకుని తీసినా లాభం లేకపోయింది. విసిగిపోయి, చూసేది ఎలాగూ మన చుట్టాలే కదా అని, వెనక నవ్వుతో సహా, ఊగిపోతున్న బొమ్మతో సహా అలాగే నెట్లో పెట్టేశారు.

చూసింది చుట్టాలు మాత్రమే కాదు. ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి కింద రాయడం మొదలుపెట్టారు. ఆ వెనక నవ్వుతున్నది ఎవరని అడిగారు. ఆ 'అయ్యో' విందామని ఎన్నిసార్లు చూశానో అని ఒకావిడ రాసింది. ఎవరో 'నవ్వులక్క' అని పేరు పెట్టారు. ఆ పేరే స్థిరపడిపోయింది.

ఇక ప్రతి ఆదివారం ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. కిటికీకి దుప్పటి కట్టి ఎండ సరిచూసుకునేవాళ్లు. గాలి చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేసేవాళ్లు. ముగ్గురికీ చెమటలు కారిపోయేవి. కింద వాటావాళ్లు నీళ్ల మోటారు వేస్తే, అది ఆగేదాకా ఎక్కడివాళ్లక్కడ అదే భంగిమలో నిలబడి ఎదురుచూసేవాళ్లు. వేషాలకి పెద్ద సరంజామా లేదు. తువ్వాలు తలకి చుట్టుకుంటే అత్తగారు, కళ్లజోడు ముక్కుచివరికి జారిస్తే ఆఫీసరు, పాప స్కూలు సంచీ తగిలించుకుంటే పిల్లాడు. ఏం చెయ్యాలో వారమంతా మాట్లాడుకునేవాళ్లు. తమ్ముడు ఎక్కడో లిఫ్టులో ఇరుక్కున్న పెద్దమనిషి సంగతి చెప్పేవాడు, మరదలు బడికొచ్చిన ఒక తల్లి సంగతి చెప్పేది. ఆమె కూడా చెప్పేది. చెబుతుండగానే నవ్వు ముంచుకొచ్చి మాట సగంలో ఆగిపోతే, మిగతా సగం వాళ్లే అల్లుకునేవాళ్లు.

ఒకసారి తమ్ముడు దుప్పటి చుట్టుకుని ముసలమ్మ వేషం వేశాడు. నడుస్తూ నడుస్తూ దాని కొస తొక్కి, పడబోయి కర్టెను పట్టుకున్నాడు. కర్టెను, రాడ్డు, దాని రింగులు అన్నీ కలిసి నెత్తిమీద పడ్డాయి. ఆ కుప్పలోంచి తల బయటపెట్టి, మొహంలో ఏ మార్పూ లేకుండా, ముసలి గొంతుతో "ఇప్పుడు కాస్త గాలి ఆడుతోందమ్మా" అన్నాడు. ఆమె ఫోను పట్టుకునే నేలమీద కూలబడిపోయింది. మరదలు వచ్చి ఆమె మీద పడింది. పాప ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టింది. ఆ పూట వంట కూడా కాలేదు. ఆమె జీవితంలో అంతకన్నా మంచి రోజు ఉందో లేదో మనకి తెలియదు గానీ, ఎవరైనా అడిగి ఉంటే ఆమె ఆ రోజే చెప్పేది.

తర్వాత ఒక పరుపుల కంపెనీవాళ్లు మాట కలిపారు. తమ పరుపు మీద ఒక స్కిట్టు చేసిపెట్టమని వాళ్ల తాలూకు అమ్మాయి ఫోన్ చేస్తే తమ్ముడు స్పీకరు పెట్టాడు. అక్క ఆ గదిలోనే పాప బట్టలు మడతపెడుతోంది. పాత వీడియోలన్నీ చూశామనీ, చాలా బాగున్నాయనీ, బొమ్మ మాత్రం కదలకూడదనీ, వెనక నాయిస్ ఉండకూడదనీ ఆ అమ్మాయి చెప్పింది. నాయిస్ అన్న మాట దగ్గర తమ్ముడు ఒక్క క్షణం అక్కవైపు చూసి, తల తిప్పుకున్నాడు. ఆమె మడతపెట్టిన గౌనునే విప్పి మళ్లీ మడతపెట్టింది.

ఫోను బిగించే స్టాండు వచ్చింది. గుండ్రటి లైటు వచ్చింది. "ఇన్నాళ్లూ నీ చేతులు లాగేసేవి కదక్కా, ఇక కష్టపడక్కర్లేదు" అన్నాడు తమ్ముడు. ప్రేమగానే అన్నాడు. ఆమె వంటగదిలో కూర్చుంది. అక్కడికీ మాటలు వినపడేవి. ఒకసారి అక్కణ్నించే నవ్వేసింది. తీసిందంతా పాడైంది. మరదలు విసుక్కోలేదు, "ఫరవాలేదు వదినా, ఇంకోసారి తీస్తాం" అంది. ఆ మర్యాదకే ఆమెకి మనసు చివుక్కుమంది. పై ఆదివారం నుంచి, వాళ్లు దుప్పటి కట్టడం మొదలుపెట్టగానే తనే చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్లిపోయేది. మూసేసిన దుకాణాల ముందునుంచి బస్టాపు దాకా, అక్కణ్నించి పార్కు గేటు దాకా నడిచేది. వాళ్ల పని అయ్యుంటుందా లేదా అని మనసులో లెక్కకట్టుకుని వెనక్కి తిరిగేది. ఒక్కోసారి తొందరగా వచ్చేసి, కింద మెట్ల మీద కూర్చునేది.

కొన్నాళ్లకి వాళ్లు ఇల్లు మారారు. మరదలి బడికి దగ్గర, గదులు పెద్దవి, వెలుతురు బాగా వస్తుంది, షూటింగుకని ఒక గది విడిగా ఉంచుకోవచ్చు. నువ్వూ రా అక్కా అన్నాడు తమ్ముడు. నా ల్యాబు ఇక్కడికి దగ్గర కదురా, రోజూ అంతదూరం ఎక్కడ తిరుగుతాను అంది ఆమె. అదీ నిజమేలే అన్నాడు తమ్ముడు. ఆమె టీ కప్పు చేతిలో పట్టుకుని, రెండోసారి అడుగుతాడేమో అని చూసింది. మరదలు పాపకి జడ వేస్తోంది. ఎవరూ మళ్లీ అడగలేదు. వాళ్లకి ఆమె రావడం ఇష్టం లేక కాదు. వద్దన్న మనిషిని వేధించడం ఎందుకనుకున్నారు. వద్దన్నది మళ్లీ అడుగుతారనేనని ఆమె మాత్రం ఎలా చెబుతుంది?

సామాను వెళ్లిపోయాక గోడల మీద తెల్లటి చతురస్రాలు మిగిలాయి. మూడు గదుల్లో ఒక మనిషి. ల్యాబు నుంచి రాగానే అన్ని గదుల్లోనూ లైట్లు వేసి, కాసేపయ్యాక ఉన్న గదిలో తప్ప మిగతావి ఆర్పేసేది. వండుకున్నది గిన్నెలోంచే తినేది. ఆదివారాలు మరీ గడిచేవి కావు. పొద్దున్నే గదులన్నీ ఊడ్చి, తుడిచి, బట్టలు ఉతికి ఆరేసినా ఇంకా మధ్యాహ్నం కూడా అయ్యేది కాదు. తమ్ముడు వారానికోసారి ఫోన్ చేసేవాడు. తిన్నావా, తిన్నాను, పాప ఎలా ఉంది, బాగుంది. ఇద్దరూ ముక్తసరిగా మాట్లాడి పెట్టేసేవాళ్లు. వాళ్ల కొత్త స్కిట్లు ఆమె ఫోన్లో చూసేది. బొమ్మ కదలకుండా, నున్నగా ఉండేది. తమ్ముడి మొహం రాయిలాగే ఉండేది. నవ్వొచ్చేది కాదు. తనకే ఏదో అయ్యుంటుందనుకునేది.

కింద రాసేవాళ్లు మాత్రం ఊరుకోలేదు. నవ్వులక్క ఏది, నవ్వులక్క లేకపోతే చప్పగా ఉంది, నవ్వులక్కకి ఒంట్లో బాగుందా అని అడుగుతూనే ఉన్నారు. చూసేవాళ్లు తగ్గారు కూడా. ఒకరోజు సాయంత్రం తమ్ముడు ఫోన్ చేసి కుశలమడిగి, కాస్త తటపటాయించి అసలు సంగతి చెప్పాడు. "ఒక్కసారి నవ్వి, వాయిస్ మెసేజ్ పెట్టక్కా. మేం అందులో కలుపుకుంటాం. ఎక్కువొద్దు, నువ్వు మామూలుగా నవ్వేదే."

సరేనంది. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వేలితో నొక్కిపట్టింది. ఏం చెయ్యాలో తోచలేదు. హ అంది. ఆగి, హహ అంది. విని చూసుకుంటే ఎవరో దగ్గుతున్నట్టుంది. అది తీసేసి, కర్టెను పడ్డ రోజు గుర్తుచేసుకుంది. నవ్వు రాలేదు. పళ్లు కనిపించేలా నోరు తెరిచి, భుజాలు తనే కదిలించి చూసింది. ఎదుటి మేడ బాల్కనీలో బట్టలు తీస్తున్న మనిషి ఆగి ఇటే చూస్తున్నాడని గమనించి, కిటికీ తలుపు వేసేసింది. ఆఖరికి ఏదో ఒకటి పంపింది. కాసేపటికి తమ్ముడి నుంచి జవాబు వచ్చింది: "ఫరవాలేదక్కా, మేం చూసుకుంటాం."

వాళ్లు ఎలా చూసుకున్నారో ఆ వారం స్కిట్టులో తెలిసింది. తమ్ముడు పరుపు మీద పడుకుని, లేవనని మొండికేస్తున్నాడు. మరదలు ఏదో అంది. వెంటనే నవ్వులక్క నవ్వు వినపడింది, అయ్యోలతో సహా. వంటగదిలో నిలబడి చూస్తున్న ఆమె స్టవ్వు ఆపేసింది. ఇంకోసారి పెట్టి, ఫోను చెవికి ఆనించుకుని వింది. నవ్వు చివర, చాలా సన్నగా, కర్టెను రింగులు నేలమీద దొర్లుతున్న చప్పుడు ఉంది.

మర్నాడు ల్యాబులో పాలిషింగ్ పెద్దాయన తనంతట తానే లేచి ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఫోన్లో ఆ స్కిట్టు చూపించి, మనవరాలు చూపించిందనీ, తను సౌండు పెంచుకుని విని గొంతు గుర్తుపట్టాననీ గొప్పగా చెప్పాడు. నిన్న బాగా నవ్వినట్టున్నారే అన్నాడు. ఆమె అవునన్నట్టు తల ఊపింది. ఆయన సంతోషంగా వెళ్లి మోటారు వేసుకున్నాడు. ఆ రోజు పెట్టిన పళ్ల వరస ఒకటి వంకరపోతే, మైనం కరిగించి మొత్తం తీసేసి మళ్లీ పెట్టింది.

ఆ ఆదివారం చెప్పాపెట్టకుండా తమ్ముడి కొత్త ఇంటికి వెళ్లింది. బస్సు మారి వెళ్లాలి. పాప తలుపు తీసి, "అత్తొచ్చింది" అని లోపలికి పరిగెత్తింది. మరదలు ఆప్యాయంగా కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఇల్లంతా తిప్పి చూపించారు. షూటింగు గదిలో సగం ఆ పరుపే ఆక్రమించింది. కొత్త వస్తువు కదా, మీద ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. షూటింగప్పుడు తీసి మళ్లీ తొడుగుతారట.

టీ తాగాక ఆమె మెల్లగా అంది. "ఆ నవ్వు తీసెయ్యరా."

"ఎందుకక్కా? నీ నవ్వేగా. జనం నిన్ను అడుగుతున్నారు."

"నాదే. అందుకే తీసెయ్యమంటున్నా. నేను ఆ పరుపు చూసి నవ్వలేదు. ఆ పూట నేనసలు ఇక్కడ లేను."

మరదలు అందుకుంది. "మీరు నొచ్చుకుంటారనుకోలేదు వదినా. మీరు మాతో లేరని అందరికీ తెలియడం బాగోదనే అలా పెట్టాం."

"లేను కదమ్మా మరి" అంది ఆమె.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. టైమెంతైందని అడిగితే చెప్పినట్టు చెప్పింది. పాప ఒకరి తర్వాత ఒకరి మొహం చూసింది. కాసేపటికి తమ్ముడు ఆ నవ్వు తీసేస్తానన్నాడు. తీసేసి, వచ్చినదానివి ఎలాగూ వచ్చావు, ఈ పూట నువ్వే పట్టుకోక్కా అని స్టాండులోంచి ఫోను ఊడదీసి ఆమె చేతికిచ్చాడు. మరదలు సంతోషంగా లేచింది. ముగ్గురూ పాతరోజుల్లోలాగే ఎవరి చోట్లో వాళ్లు నిలబడ్డారు.

స్కిట్టు బాగానే ఉంది. కంపెనీవాళ్లు రాసిచ్చిన రెండు వాక్యాలు మధ్యలో వస్తాయి, అవి చెప్పేటప్పుడు తమ్ముడు లెన్సులోకి చూడాలి. ఆమె తన భుజాలు కదలడం కోసం ఎదురుచూసింది. అవి కదల్లేదు. మైనం మీద పన్ను పెట్టేటప్పుడు ఎంత నిలకడగా ఉంటాయో చేతులు అంత నిలకడగా ఉన్నాయి. మొదటిసారికే అయిపోయింది. మరదలు తీసింది చూసుకుని, "ఒక్క వణుకు కూడా లేదు వదినా, స్టాండు కూడా ఇంత బాగా పట్టుకోదు" అంది. మెచ్చుకోలుగానే అంది. భోంచేసి వెళ్లమన్నారు. భోంచేసింది. చీకటి పడకముందే బస్సెక్కింది.

తమ్ముడు మాట తప్పలేదు. ఆ నవ్వు మళ్లీ ఎక్కడా వినపడలేదు. కొన్నాళ్లు జనం అడిగారు, ఆ తర్వాత మానేశారు. కొత్తగా వచ్చినవాళ్లకి నవ్వులక్క ఎవరో కూడా తెలియదు.

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం తమ్ముడు ఒక్కడే వచ్చాడు. దగ్గర్లో ఏదో మేడలో లిఫ్టు ఆగిపోతే వచ్చాడట. చేతులకి ఇంకా గ్రీజు ఉంది. సబ్బుతో తోముకుని, తువ్వాలు తీసుకుని, ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు. ఆమె గుడ్డు పొరటు చేసి, బ్రెడ్డుతో పెట్టింది. చాలాసేపు ఆ లిఫ్టు గురించే చెప్పాడు. తాడు బాగానే ఉంది, తలుపు దగ్గర స్విచ్చు పాడైంది, అది తలుపు మూసుకోలేదనుకుని కదలడం లేదు. చెబుతూ చెబుతూ ఆగి, ఆమె భుజాలకేసి చూశాడు.

"ఇదివరకు నీ భుజాలు చూసి చేసేవాణ్ని అక్కా" అన్నాడు. "అవి కదిలితే, సరే, వస్తోంది అనుకునేవాణ్ని. ఇప్పుడు ఎటు చూసి చెయ్యాలో తెలియట్లేదు."

ఆమె వాడి పళ్లెంలో ఇంకో బ్రెడ్డు ముక్క వేసింది. "మానెయ్యకపోయావా మరి?"

"మానేస్తే ఆదివారం ఏం చేస్తాం?" తమ్ముడు బ్రెడ్డు తుంచాడు. "నీ మరదలితో నేను మాట్లాడే మాటలన్నీ ఆ స్కిట్లలోనే అయిపోతున్నాయక్కా. లైటు ఆపేశాక, ఇంక ఏముంది మాట్లాడ్డానికి? తను ఎడిటింగు చూసుకుంటుంది, నేను పాపని తీసుకుని కిందికి వెళ్తాను."

ఆ మాట ఆమె ఊహించనిది. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో వెలుతురుందనీ, చీకటంతా తన వంతుకే వచ్చిందనీ అనుకుంది. "మరదల్ని తీసుకుని ఒకసారి ఊరికే ఎక్కడికైనా వెళ్లిరారా, ఫోను ఇంట్లో పెట్టి" అంది. చూస్తానన్నాడు. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, చిన్నప్పుడు బడికి వెళ్లేముందు నిలబడినట్టు కాసేపు నిలబడ్డాడు. ఆమె వాడి చొక్కా కాలరు సరిచేసింది. మెట్లు దిగుతున్న చప్పుడు వినపడ్డంతసేపూ విని తలుపు వేసుకుంది. వాళ్లు ఎక్కడికైనా వెళ్లారో లేదో ఆమె అడగలేదు, వాడు చెప్పలేదు. స్కిట్లు మాత్రం ఆగలేదు.

ఆ ఏడు తిరక్కుండానే ఆమె మేడమీద వాటా ఖాళీ చేసింది. మూడు గదులు ఊడ్చి ఊడ్చి విసుగొచ్చిందని తమ్ముడికి చెప్పింది. ల్యాబుకి రెండు వీధుల అవతల, కింద టైర్ల దుకాణం, పైన పొడుగాటి వసారా, ఆ వసారా పొడుగునా వరసగా ఒంటిగదులు ఉన్న పాత మేడలో ఒకటి తీసుకుంది. పొద్దుటినుంచీ టైర్లలో గాలి కొట్టే చప్పుడు. ఏ గదిలో ఏం వేయిస్తున్నా వాసన అందరికీ వస్తుంది. గోడలు పల్చన. పక్కగదివాళ్లు కోపంగా గుసగుసలాడుకున్నా వినపడుతుంది. ఆమె చేరిన కొత్తలో ఎవరితోనూ కలవలేదు. తలుపు దగ్గరగా వేసుకుని, వసారాలో అడుగుల చప్పుడు బట్టి ఎవరు పోతున్నారో పోల్చుకునేది. ఒంటరితనం పోయిందని కాదు. దానికీ ఈ గది సరిపోయింది, అంతే.

ఒక ఆదివారం వసారాలో బట్టలు ఆరేస్తుంటే, పక్కగది ఆవిడ పిన్నులు అందిస్తూ మాట కలిపింది. ఎక్కడినుంచి వచ్చారు, ఒక్కరే ఉంటారా అన్నీ అయ్యాక, ఏం చేస్తారని అడిగింది.

"పళ్లు చేస్తాను" అంది ఆమె.

"అమ్ముతారా? ఎక్కడ, బండి మీదా?"

"అమ్మను. చేస్తాను."

ఆవిడ కాసేపు అర్థంకానట్టు చూసి, తర్వాత పకపకా నవ్వడం మొదలుపెట్టింది. పళ్లు చెట్టు కదా చేసేది అంటూ, పిన్నుల డబ్బా గోడకి ఆనించి మరీ నవ్వింది. ఆమె ఆవిడ నవ్వు అయ్యేదాకా ఆగి, తినే పళ్లు కాదమ్మా, నోట్లో పళ్లు, కట్టుడుపళ్లు అని విడమరిచి చెప్పింది. ఆవిడ నాలుక కరుచుకుంది. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు గదిలోకి వెళ్లి, అత్తగారిని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. పళ్ల సెట్టు కొత్తగా చేయించాం, ఎడమవైపు చిగురు ఒరుసుకుపోతోందట, పెట్టుకోనంటోంది, కాస్త చూడండి అంది.

ఆమె చేతులు తడిలేకుండా తుడుచుకుంది. ముసలావిణ్ని వెలుతురువైపు తిప్పి, గదిలోంచి కుర్చీ తెచ్చి కూర్చోబెట్టి, ఎదురుగా వంగి నోరు తెరవమంది. ముసలావిడ సిగ్గుపడుతూ తెరిచింది.

"ఇక్కడా?" అంది ఆమె, ఎడమవైపు చిగురు వేలితో తాకి.

"ఊఁ" అంది ముసలావిడ, నోరు తెరిచే.